అడుగు పడకముందే 98

తెల్లవారుజామున నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టు మీద షూ లేసులు కట్టుకుంటూ వాచీలో గుండె వేగం చూసుకుంటే నిమిషానికి 98 ఉంటుంది. ఇంకా నడకే మొదలుకాలేదు. గాబరా ఎక్కువగా ఉండేవాళ్లకు ఇది మామూలే. "దడ వస్తుందేమో" అన్న ఆలోచనకే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండెకు కళ్లెం వేసి ఉంచే వేగస్ నరం పట్టు సడలుతుంది. అసలు ఆ కళ్లెమే లేకపోతే ఊరికే కూర్చున్నా గుండె నిమిషానికి 100 దాకా కొట్టుకుంటుంది. నడక మొదలుపెట్టగానే ఎవరికైనా ముందు వదులయ్యేది అదే. వీళ్లకు ఇంటి దగ్గరే వదులై ఉంటుంది, అంతే తేడా.

35 ఏళ్ల మనిషిని తీసుకుందాం. 220లో వయసు తీసేస్తే 185, అంటే గుండె నిమిషానికి కొట్టుకోగల గరిష్ఠ వేగం. ఇది ఉజ్జాయింపు లెక్క, మనిషిని బట్టి పదీ పన్నెండు అటూ ఇటూ అవుతుంది. అందులో 64 నుంచి 76 శాతం, అంటే 118 నుంచి 141 వరకు, ఓ మోస్తరు శ్రమ. గాబరా ఉన్నవాళ్లకు అయిదో నిమిషంలోనే 150 కనపడి, అదే వేగంతో నడుస్తున్నా పదిహేనో నిమిషానికి 135కి దిగొచ్చు. భయం వల్ల పెరిగింది దిగిపోయి, నడక వల్ల పెరిగింది మిగిలిందన్నమాట. అందుకే మొదటి పది నిమిషాల అంకెను పట్టించుకోవద్దు. ఆ పది నిమిషాలూ అంగడికి పోయినట్టు నిదానంగా నడవండి. నాలుగు అడుగులకు గాలి పీల్చి, ఆరు అడుగులకు వదలండి.

తర్వాత కొలత వాచీ కాదు, నోరు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వాచీలో 160 ఉన్నా మాట తడబడకుండా వస్తుంటే ముందు వాచీ బెల్టు చూడండి. వదులుగా ఉంటే అది గుండెను వదిలేసి అడుగులను లెక్కపెడుతుంది. మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైన బిగించండి. అయినా అనుమానంగా ఉంటే బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, 30 సెకన్లు నాడి లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నాడి చూడటం ఒక్కసారే. నిమిషానికోసారి చూసుకుంటే ఆ చూడటమే దడ పెంచుతుంది.

ఒక తప్పు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. దడ రాగానే టక్కున ఆగి కూలబడిపోతారు. కాళ్లలోకి దిగిన రక్తం పైకి రావడం తగ్గి కళ్లు తిరుగుతాయి, దాంతో భయం రెట్టింపవుతుంది. పైగా "ఆగబట్టే బతికాను" అని మనసు నమ్మేస్తుంది, రేపు ఇంకా ముందే ఆపుతుంది. దడను ప్రమాదంగా అనుకోవడం వల్లే పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం) ముదురుతుందని మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో వివరించింది ఈ చక్రాన్నే. ఆగొద్దు. వేగం సగానికి తగ్గించి రెండు మూడు నిమిషాలు నడిచి, దడ కాస్త దిగాక ఇంకో అయిదు నిమిషాలు నడిచి ఇంటికి పొండి.

రోహిణి కార్తెలో ఇదే నడకకు గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో నీళ్లు పోతాయి. పొద్దెక్కకముందే గ్లాసుడు నీళ్లు తాగి బయలుదేరండి. చిక్కటి కాఫీ వచ్చాక తాగొచ్చు.

అన్నీ గాబరా ఖాతాలో వేయకూడదు. నరసింహకొండ మెట్లు ఎక్కేటప్పుడు ఛాతీ పట్టేయడం, స్పృహ తప్పడం, ఊరికే కూర్చున్నప్పుడు స్విచ్ వేసినట్టు 170కి పోవడం, నాడి లయ తప్పడం, వీటిలో ఏది ఉన్నా ఇసిజి తీయించుకుని డాక్టరుకు చూపించాకే వ్యాయామం. ఛాతీ బరువు ఎడమ చేతికో దవడకో పాకుతుంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. కదలకుండా ఉన్నా 100 దిగకపోతే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు పై లెక్కలేవీ వర్తించవు, ఆ మందు గుండె వేగాన్ని పెరగనివ్వదు. వాళ్లు మాట కొలతనే నమ్ముకోవాలి. ఆ మాత్ర సొంతంగా ఒక్కసారిగా మానేయకూడదు, మానితే దడ ముందుకన్నా ఎక్కువగా తిరగబెట్టొచ్చు.