చిలుకలను తోలే తుపాకీ స్టేషన్ పాలైంది: నా అనుభవం

నిన్న సాయంత్రం నా తుపాకీ ఇంటికి వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారకముందే రాయాలని కూర్చున్నాను. పంట రక్షణ కోసం లైసెన్సు తుపాకీ ఉంచుకున్న రైతులు గుంటూరు, కృష్ణా వైపు ఇంకా ఉన్నారు. వాళ్లకు ఇది ఉపయోగపడాలి.

మాది తెనాలి వైపు డెల్టా పల్లె. వరి కోసిన మాగాణిలో దుక్కి లేకుండానే జొన్న, మొక్కజొన్న వేస్తాము. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు రామచిలుకలు గుంపులుగా దిగుతాయి. పిచ్చుకలు గింజ తిని పోతాయి. చిలుక అలా ఊరుకోదు, కంకిని సగం కొరికి వదిలేసి పక్క కంకి మీద వాలుతుంది. తినేదానికన్నా నేల రాల్చేదే ఎక్కువ. పొద్దు పొడిచాక కొంతసేపు, మళ్లీ పొద్దు వాలే ముందు కొంతసేపు, ఈ రెండు వేళలూ కాపలా తప్పితే గట్టు వైపు సాళ్లు ఖాళీ అవుతాయి. మెరుపు రిబ్బన్లు కట్టాను, మంచె వేయించాను, డబ్బాలు మోగించాము. మొక్కజొన్నకైతే గట్టు పక్క సాళ్లలో కండెల మీదికి ఆకు చుట్టవచ్చు, అది బాగా పనిచేస్తుంది. జొన్నకు ఆ వీలు లేదు. రిబ్బన్లకు చిలుకలు త్వరగా అలవాటు పడిపోతాయి. తుపాకీ చప్పుడుకు మాత్రం లేచి, చెరువు కట్ట దాటిపోతాయి.

అది మా నాన్నగారి పేరున ఉండిన ఒంటి గొట్టం తుపాకీ, గొట్టం మూతి నుంచి మందు దట్టించే రకం. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణకు ఇటువంటి తుపాకీ గురించి విడిగా రాసి ఉంది. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండితే వారసుడి పేరుకు మార్చుకోవచ్చు, నాకు అలాగే వచ్చింది. ఆ మార్పిడి సాఫీగానే సాగింది. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు ఐదేళ్లయింది, రెన్యువల్‌కూ ఇబ్బంది పడలేదు. 2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు రాగానే తుపాకీ అప్పగించమన్నారు, అప్పగించి రశీదు తీసుకున్నాను. ఫలితాలు వచ్చాక రశీదు చూపించి తెచ్చుకున్నాను. ఆ ఏడాది జొన్న పక్షుల పాలైంది, అయినా ఎవరినీ ఒక్క మాట అనలేదు. అందరికీ ఒకే నియమం, చేతిలో కాగితం. అంతకన్నా ఏం కావాలి?

నా తుపాకీలో గుళ్లు పడవు. మందు పోస్తాను, కొబ్బరి పీచు కూరి కడ్డీతో దట్టిస్తాను, టోపీ, అంటే మందుకు నిప్పు అంటించే చిన్న రేకు బిళ్ల, పెట్టి ఆకాశం వైపు పేలుస్తాను. చిలుకను చంపకూడదని నాకు తెలుసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షిత పక్షి. ఇంతకుముందు కాకి లాంటి వాటిని హానికర జంతువుల షెడ్యూలులో ఉంచారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణతో ఆ షెడ్యూలే పోయింది. ఇప్పుడు రైతు చేతిలో మిగిలింది చప్పుడొక్కటే. ఆ చప్పుడు చేసుకోవడానికే నా లైసెన్సు.

ఈ ఏడాది మా చేను పక్కన వెంచర్‌లో కొత్త ఇళ్లు లేచాయి. అక్కడి ఒకాయన పొద్దున్నే నేను తుపాకీ పేల్చడం ఫోనులో చిత్రీకరించి, చిలుకలను చంపుతున్నానని పోలీసులకు పంపాడు. చప్పుడుకు నిద్ర చెడిందంటే నాకు అర్థమవుతుంది. వచ్చి ఒక మాట అంటే ఆ మూల పేల్చేవాడినే కాదు. చంపానని ఎలా చెప్పాడు? ఆ వీడియోలో ఒక్క పక్షి అయినా పడిందా?

ఆ మధ్యాహ్నమే ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. లైసెన్సు పుస్తకం చూపించాను. లైసెన్సు అడిగి చూసే అధికారం 19వ సెక్షన్ వాళ్లకు ఇచ్చింది, దానికి నేను కాదనలేదు. చూపించలేకపోతేనే ఆయుధం పట్టుకుపోవాలి. వాళ్లు పుస్తకం చూసి కూడా, విచారణ ఉంది, తుపాకీ తీసుకుని స్టేషన్‌కు రమ్మన్నారు. వెళ్లాను.

ఇక అక్కడ జరిగినది రాస్తుంటే ఇప్పటికీ చేయి వణుకుతోంది.

నాకన్నా పాతికేళ్లు చిన్నవాడు ఆ ఎస్సై. కూర్చోమనలేదు. "ఎన్ని చంపావు?" అన్నాడు. అదే మొదటి మాట. "ఒక్కటి కూడా చంపలేదండి, గుళ్లు వేయను" అన్నాను. "ఈకలు ఎక్కడ పారేశావు?" అన్నాడు. లైసెన్సు పుస్తకం ముందు పెడితే తెరవలేదు. దాని మీద టీ గ్లాసు పెట్టాడు. మా నాన్నగారు లైసెన్సు పుస్తకాన్ని ఏళ్ల తరబడి ఒక్క మచ్చ పడకుండా బీరువాలో దాచేవారు, నాకూ అదే అలవాటు. ఇప్పుడు ఆ అట్ట మీద గుండ్రటి తడి మరక ఇప్పటికీ ఉంది.

తరువాత బల్ల మీద దినపత్రిక పరిచి, తుపాకీ, మందు డబ్బా, టోపీల పెట్టె, దట్టించే కడ్డీ వరుసగా పేర్చారు. నన్ను బల్ల వెనుక నిలబడమన్నారు. అటొక కానిస్టేబుల్, ఇటొక కానిస్టేబుల్. ఫోటో తీయడానికి ఒక విలేకరి సిద్ధంగా ఉన్నాడు. దొంగలను పట్టుకున్నప్పుడు పత్రికల్లో చూస్తాము కదా, ఆ వరుస. "ఏ కేసు పెట్టారండి?" అని అడిగాను. "ముందు నిలబడు, కేసు తరువాత" అన్నారు. నా భుజం పట్టుకుని తల ఎత్తించారు. ఫోటో తీశారు.

మర్నాటికి ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద 'చిలుకల వేటగాడు' అని రాశారు. మా వియ్యంకుడు ఫోను చేసి, "బావగారూ, ఏమిటిది, ఏమైనా సాయం కావాలా?" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అడిగాడు. నాకు మాత్రం నోట మాట రాలేదు. మా అమ్మాయి అత్తవారింట్లో ఆ ఫోటో అందరూ చూశారన్న మాట.

కేసు లేదు. ఎఫ్ఐఆర్ లేదు. తుపాకీ మాత్రం మాల్‌ఖానాలో, అంటే పట్టుకున్న వస్తువులు ఉంచే స్టేషన్ గదిలో, పడింది, రశీదు ఇవ్వలేదు. స్టేషన్ రాతపని చూసే రైటర్‌ను అడిగితే, "పై అధికారుల దగ్గర ఉంది ఫైలు, లైసెన్సు ఎలాగూ రద్దవుతుంది" అన్నాడు. లైసెన్సు రద్దు చేయడం గానీ నిలిపివేయడం గానీ స్టేషన్ పని కాదు. 17వ సెక్షన్ ప్రకారం అది లైసెన్సు ఇచ్చే అధికారి, మా దగ్గరైతే కలెక్టరు, చేయాలి, కారణాలు రాతలో ఉండాలి, దాని మీద అప్పీలు హక్కు 18వ సెక్షన్‌లో ఉంది. పోలీసులు స్వాధీనం చేసుకుంటే సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోని 106వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఇక్కడ రద్దు ఉత్తర్వూ లేదు, మేజిస్ట్రేటుకు నివేదికా లేదు. మరి నా తుపాకీ ఏ హోదాలో అక్కడ ఉంది? స్టేషన్‌లో ఈ ప్రశ్నకు ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు. చట్టం చదివినవాడిని నేను, పదో తరగతి తప్పినవాడిని.

అటవీ అధికారి వచ్చిన రోజు మాత్రం చెప్పుకోవాలి. రేంజర్‌గారు చేలోకి నడిచి వచ్చారు. గట్టు వెంట, కాలవలో, మంచె కింద తమ సిబ్బంది చేత వెతికించారు. ఈక దొరకలేదు, రక్తపు చుక్క దొరకలేదు. పేల్చిన పీచు ముక్కలు కొన్ని ఏరి వాసన చూశారు. మందు ఎలా దట్టిస్తానో చేత్తో చూపించమన్నారు, చూపించాను. కొరికేసిన కంకులు ఒక పిడికెడు తెంపి లెక్కపెట్టి, "పెద్దాయనా, పంట పోతోంది నిజమే" అన్నారు. పక్షిని చంపిన ఆధారాలు లేవని రాసి సంతకం చేశారు. పని తెలిసిన మనిషికి గంట పట్టలేదు. స్టేషన్ వాళ్లు కూడా ఇలా ఒకసారి వచ్చి చూసి ఉంటే ఆ ఫోటో తీసే పనే ఉండేది కాదు.

ఆ నివేదిక ఉన్నా తుపాకీ కదలలేదు. వారాలు గడిచాయి, జొన్న గింజ గట్టిపడింది, ఈలోగా చిలుకలు చేయవలసింది చేశాయి. స్టేషన్ ఎదుట జిరాక్సు దుకాణంలో కూర్చునే ఒక మధ్యవర్తి, తాను మాట్లాడి తెప్పిస్తానన్నాడు. వాడి మొహం చూడకండి. ఆ డబ్బు ఒకసారి ఇస్తే ప్రతి సీజనుకూ ఇవ్వాలి, పైగా తప్పు చేశామని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

నేను రెండు కాగితాలు రాశాను. ఒకటి సమాచార హక్కు చట్టం కింద: ఏ సెక్షన్ ప్రకారం తుపాకీ ఉంచుకున్నారు, స్టేషన్‌లో రోజూ జరిగినవి రాసే జనరల్ డైరీలో ఆ రోజు ఏం రాశారు, దాని నకలు కావాలి. జవాబుకు 30 రోజుల గడువు. రెండోది కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే సోమవారం ఇచ్చిన అర్జీ. అక్కడ ఆయుధాల ఫైళ్లు చూసే ఆమె నా పుస్తకం తిరగేసి, "మా దగ్గర మీ మీద ఏ ఉత్తర్వూ లేదండీ" అని అదే మాట అర్జీ మీద రాయించి కిందికి పంపారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ తరువాత స్టేషన్ నుంచే ఫోను వచ్చింది, తీసుకుపొమ్మని.

తీసుకుపోయేటప్పుడు నేను తొందరపడలేదు. తుపాకీ నంబరు, మందు తూకం, టోపీల సంఖ్య రాయించి, 'తుప్పుతో తిరిగి ఇచ్చారు' అని నా చేత్తో చేర్చి సంతకం పెట్టాను. రైటర్ వద్దన్నాడు, అయినా చేర్చాను. గొట్టం లోపల ఎర్రటి పొర కట్టింది. ట్రిగ్గర్ దగ్గర నూనె జాడ లేదు. రాత్రి నూలు గుడ్డ చుట్టిన కడ్డీతో తోముతుంటే గుడ్డ ప్రతిసారీ ఇటుక రంగుతో బయటికి వచ్చింది.

తుపాకీ ఉన్న రైతులు ఒకటి చేయండి. కంకి పాలు పోసుకోకముందే, ఫలానా చేలో ఫలానా వేళల్లో చప్పుడు కోసం పేలుస్తామని స్టేషన్‌కూ అటవీ రేంజి కార్యాలయానికీ రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. చుట్టుపక్కల కొత్త ఇళ్ల వాళ్లకు ముందే చెప్పండి. రశీదు లేకుండా తుపాకీ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, ఎంత కసిరినా సరే. రశీదు ఇవ్వకపోతే, ఎవరు ఎప్పుడు తీసుకున్నారో ఆ రాత్రే రాసి రిజిస్టరు పోస్టులో కలెక్టరుకు పంపండి. పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉన్నవారు పోలీసు కమిషనర్‌కు పంపండి. గుళ్లు ఇంట్లో కూడా ఉంచకండి. చిలుకను చంపితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అలా చంపేవాడి పక్షాన నేను నిలబడను.

ఫిర్యాదు చేసిన ఆయనకు కూడా ఒక మాట. రామచిలుక మీద అంత ప్రేమ ఉంటే, దాన్ని పంజరంలో పెంచడం అదే చట్టం కింద నేరమని మీ వెంచర్‌లోనే చెప్పండి. మా చేలో అవి కడుపు నిండా తిని ఎగిరిపోతున్నాయి.

ఇక ఫోటో సంగతి వదలలేదు. కేసు లేని మనిషిని బల్ల వెనుక నిలబెట్టి పత్రికకు ఇచ్చినందుకు ఎస్పీగారికి విడిగా అర్జీ పెట్టాను. అటవీ నివేదిక నకలు, తుపాకీ తిరిగి ఇచ్చిన కాగితం జతచేశాను. అదే విలేకరి, అదే గ్రూపులో, నా మీద కేసు లేదని రాయాలన్నది నేను అడిగినది. ఇంకా జవాబు రాలేదు.