అనంతపురంలో హాఫ్ మారథాన్ శిక్షణ: నా అనుభవం

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. "రెండు గంటల్లో ముగించాలి" అని అందరూ అనుకుంటారు. రెండు గంటలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. ఆ వేగం మన కాళ్లలో ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. అందుకు 10 కిలోమీటర్లు శక్తి మేరకు పరుగెత్తి, వచ్చిన టైమును 2.2తో గుణించాను. అమెరికన్ ఇంజనీర్ పీటర్ రీగల్ 1977లో ఇచ్చిన సూత్రం నుంచి వచ్చే అంకె ఇది. పదికి గంట పడితే హాఫ్‌కు 2 గంటల 12 నిమిషాలు. అదీ వారం వారం తగినంత దూరం పరుగెత్తినవాళ్లకే. అలా నా లక్ష్యం 2:12 అయింది.

ఆ అంకెను నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి, మిగతా పేజీలన్నీ వారం లక్ష్యాలకే పెట్టాను: వారానికి నాలుగు పరుగులు, అందులో మూడు మెల్లగా, ఒకటి గట్టిగా. పోటీ రోజు ఎండ ఎలా ఉంటుందో మనకు తెలియదు. నాలుగు పరుగులు అయ్యాయా లేదా అన్నది మాత్రం ఆదివారం సాయంత్రానికల్లా తెలిసిపోతుంది.

మన ఊళ్లో క్యాలెండర్‌ను ఎండే నిర్ణయిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో దూరం పెంచే పని పెట్టుకోకూడదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పునాది వేసుకుని, సెప్టెంబరు నడిమి నుంచి పదహారు వారాల శిక్షణ మొదలుపెడితే జనవరి పోటీకి సరిపోతుంది. ఆషాఢంలో గాలి మాత్రం విపరీతం. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ నెలలో పడమర వైపు, ఎదురుగాలిలో బయలుదేరి, అలసిపోయాక గాలి వాలున తిరిగి రావాలి. వెనక గాలి తోస్తుంటే చెమట సరిగా ఆరదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి తిరుగు దారిలో వేగం పెంచకూడదు.

దారి విషయంలో నా ఓటు ఎర్రమట్టికే. నల్లరేగడి వానకు తడిస్తే బూటు అడుగున ముద్దలు ముద్దలుగా అంటుకుని మడమ వంకర పడుతుంది. హైవే అంచు అసలే వద్దు. లారీల సంగతి అటుంచితే, రోడ్డు ఒక పక్కకు వాలి ఉండడం వల్ల ఒక మోకాలికే భారం పడుతుంది.

మెల్లగా పరుగెత్తడమే ఈ శిక్షణలో అన్నిటికంటే కష్టం. పదికి గంట పట్టే మనిషి మెల్లటి పరుగు కిలోమీటరుకు 6:50 నుంచి 7:30 మధ్య ఉండాలి. పక్కన పరుగెత్తే మనిషితో పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలగాలి. పొద్దున్నే గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే పిల్లలు ఉంటారు. వాళ్లు ఎనిమిది నిమిషాల లోపు, అంటే కిలోమీటరుకు ఐదు నిమిషాల వేగంతో వెళ్తారు. వాళ్ల వెంట పడితే ఆ రోజు బాగానే ఉంటుంది, మూడో వారానికి పిక్కలు పట్టేస్తాయి. మెల్లటి పరుగుతో కండరాల్లో సన్న రక్తనాళాలు పెరుగుతాయి, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. దీనికి నెలలు పడతాయి.

గట్టి పరుగు రోజు ఒక వారం 400 మీటర్లు ఎనిమిది సార్లు, ఒక్కొక్కటి 2 నిమిషాల 12 సెకన్లలో, మధ్యలో 200 మీటర్లు నడక. మరో వారం కిలోమీటరుకు 6:00 వేగంతో ఆగకుండా 20 నిమిషాలు. ట్రాక్ మీద లోపలి లేన్ అయితేనే 400. ఎనిమిదో లేన్‌లో చుట్టు 450 దాటుతుంది.

వారంలోని మూడు మెల్లటి పరుగుల్లో అన్నిటికంటే పొడుగుది లాంగ్ రన్. అది 8 కిలోమీటర్లతో మొదలై 9, 10, మళ్లీ 8; తర్వాత 11, 12, 13, మళ్లీ 10. ఇలా ప్రతి నాలుగో వారం తగ్గిస్తూ 18 దాకా. తగ్గించే వారం ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువగా దెబ్బ తింటారు. ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది, ఎముకలకు, కండరాలను ఎముకలకు కలిపి ఉంచే స్నాయువులకు ఇంకా టైము కావాలి. ముంగాలు ఎముక పొడుగునా సలుపుతుంటే దూరం సగానికి తగ్గించాలి. వేలితో నొక్కితే ఒక్క చోటే గుచ్చినట్టు నొప్పి ఉంటే పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి, అది సన్నటి చీలిక కావచ్చు. మడమ వెనక వైపు నొప్పికి మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, రెండు కాళ్లతో లేచి, ఒక్క కాలితో మూడు లెక్కపెడుతూ దిగాలి. కాలికి పదిహేను చొప్పున మూడు విడతలు, రోజు మార్చి రోజు.

తిండి విషయం ఇంటిదే చాలు. లాంగ్ రన్ ముందు రాత్రి సంగటి కంటే అన్నం మేలు. సంగటిలో పీచు ఎక్కువ, పరుగులో కడుపు కదిలిస్తుంది. పొద్దున అరటిపండు, లేదా గుప్పెడు బొరుగులు, బెల్లం. శెనక్కాయలు అప్పుడు వద్దు, నూనె గింజ అరగడానికి టైము పడుతుంది. తిరిగొచ్చాక ఉగ్గాని, రెండు గుడ్లు. గంట దాటిన పరుగులో పది గ్రాముల బెల్లం ముక్కలు గంటకు మూడు, నీళ్లతో. పోటీ రోజు కొత్తగా మొదలుపెట్టకుండా లాంగ్ రన్‌లోనే అలవాటు చేసుకోవాలి.

నీళ్లకు తూకమే కొలత. పరుగుకు ముందు, తర్వాత తక్కువ బట్టలతో బరువు చూస్తే, తగ్గిన ప్రతి కిలోకు దాదాపు లీటరు చెమట పోయినట్టు. బరువు పెరిగిందంటే నీళ్లు ఎక్కువైనట్టే, రక్తంలో ఉప్పు పలచబడడం ప్రమాదం. బనియన్ ఆరాక తెల్లటి చారలు కనిపించేవాళ్లు లీటరు నీళ్లకు అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల చక్కెర కలుపుకోవచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే.

చివరి రెండు వారాల్లో దూరం ముందు మూడో వంతు, తర్వాత సగానికి పైగా తగ్గుతుంది, వేగం తగ్గదు. కొత్త బూట్లు కొనాలంటే అంతకు ముందే. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే గోళ్లు నల్లబడతాయి. పోటీలో మొదటి మూడు కిలోమీటర్లు 6:25 చొప్పున, జనం దాటిపోతున్నా సరే. అక్కడి నుంచి పదహారు దాకా 6:16. మిగతా ఐదు చిల్లర 6:10. కూడితే 2 గంటల 12 నిమిషాల 9 సెకన్లు.