మైనస్ ఐదు వోల్టులు, మా బాబాయి చీటీ

నిన్న రాత్రి పదకొండున్నరకి తెర కింది అంచున ఆ ఒక్క లైను వచ్చింది: 1982, సింక్లెయిర్ రీసెర్చ్ లిమిటెడ్. అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి "ఇంకా ఏమైనా వస్తుందా, ఇంతేనా?" అంది. ఇంతే. దీనికోసం ఏడు నెలలు. పైగా ఈ లైను మొదటి రోజే వచ్చింది. చెడగొట్టింది నేనే.

వస్తువు మా బాబాయిది. జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే పాతకాలపు ఇంటి కంప్యూటర్, 48కే మెమరీది. 1982లో ఇంగ్లండులో విడుదలైనప్పుడు దాని ధర 175 పౌండ్లు. బాబాయి మస్కట్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో కొని, 1987లో అక్కడి నుంచి వచ్చేసేటప్పుడు టీవీతో సహా పట్టుకొచ్చాడు. టీవీ ఎందుకంటే ఇది యూహెచ్ఎఫ్ 36వ ఛానల్లో బొమ్మ పంపుతుంది. అప్పటి మన టీవీలు చాలావాటికి దూరదర్శన్ వచ్చే వీహెచ్ఎఫ్ తప్ప ఇంకోటి తెలియదు. తెనాలిలో అటక మీద ఇత్తడి గంగాళం వెనక దొరికింది. రబ్బరు మీటలు, ఇంద్రధనుస్సు గీత, కింద బొద్దింక గుడ్లు.

మొదటి పనులన్నీ చులాగ్గా అయిపోయాయి. దీని అడాప్టరు 9 వోల్టులే కానీ పిన్ను లోపలి వైపు మైనస్. బజార్లో దొరికేవన్నీ లోపల ప్లస్. తెలియనివాడు అక్కడే తగలబెట్టేస్తాడు. నాకు తెలుసు కాబట్టి వైర్లు మార్చి పెట్టాను. టీవీ మాడ్యులేటరుని పక్కకు తప్పించి వీడియో నేరుగా పసుపు జాక్‌కి ఇచ్చాను, పావుగంట పని. వోల్టేజీని ఐదుకి దించే, పెనంలా కాలే 7805 రెగ్యులేటరు తీసి, వేడెక్కని స్విచింగ్ రకం వేశాను. స్విచ్ వేయగానే లైను వచ్చింది. మీటలే పనిచెయ్యలేదు. మీటల కింద ఉండే మెంబ్రేన్ అనే పల్చటి ప్లాస్టిక్ రేకు తోకలు నలభై ఏళ్లకి అప్పడంలా విరిగిపోతాయి, ఎవరి మెషీన్లోనైనా అంతే. కొత్తది, దాంతోపాటు ఎస్‌డీ కార్డు పెట్టుకునే డివ్ఎంఎంసీ, ఇంగ్లండు నుంచి తెప్పించాను. కొరియర్ వాడు ఫోన్ చేసి "మెంబ్రేన్ అని ఉంది, మెడికలా సార్?" అని అడిగాడు. కాదు బాబూ, కంప్యూటర్ కీబోర్డుది అన్నాను. "మరి కంప్యూటర్ అని రాయలేదేం?" పన్నెండు రోజులు ఆపి, వస్తువు ఖరీదులో సగానికి పైగా డ్యూటీ, అది కట్టించిపెట్టినందుకు మళ్లీ వాడి చార్జీ. తెప్పించుకునేవాళ్లు డ్యూటీ ఎంత పడుతుందో కూడా లెక్కలో వేసుకునే ఆర్డరు పెట్టండి.

ఆ పన్నెండు రోజులు చేతులు ఖాళీ. అదే కొంప ముంచింది. వీడియోల్లో ప్రతివాడూ ఒకటే పాట: పాత మెషీన్ దొరికితే ముందు కెపాసిటర్లు మార్చెయ్యండి, అన్నీ మార్చెయ్యండి. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకోవాలో ఒక్కడూ చెప్పడు. నేనూ కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి నూటయాభై రూపాయలు పెట్టి అన్నీ కొన్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని మార్చేశాను. డిప్లొమా ఎలక్ట్రానిక్స్ మరి. ఒకచోట కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండుకి పోతోంది. ఎప్పుడో ఎవడో తప్పుగా వేసుంటాడని నవ్వుకుని, తిప్పి "సరిగ్గా" వేశాను.

ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి.

స్విచ్ వేస్తే తెర నిండా నిలువు గీతలు. ఇందులో తెర మీది బొమ్మ ఉండేది కింది 16కే మెమరీలో. ఆ మెమరీ ఎనిమిది 4116 చిప్పుల్లో ఉంటుంది. బైటులో ఉన్న ఎనిమిది బిట్లలో ఒక్కో చిప్పు ఒక్కోటి మోస్తుంది. అందుకే ఒక చిప్పు పోతే ప్రతి ఎనిమిది చుక్కలకీ ఒక గీత, పాపిట దువ్వినట్టు వరసగా పడుతుంది. నాకు మూడేసి గీతలు. అంటే మూడు చిప్పులు. పాతబడి పోయాయనుకున్నాను. నిన్నటిదాకా నడిచినవి మూడూ ఒక్క మధ్యాహ్నంలో ఎలా ముసలివైపోతాయన్న ఆలోచనే రాలేదు.

పదహారు కాళ్ల చిప్పు ఊడదీసే మిషన్ నా దగ్గర లేదు. ఒక రిపేరు షాపులో ఇచ్చాను. పేరు అనవసరం. ఫోన్లు బాగుచేసేవాళ్లకి ఇవి ఇవ్వకండి, అంతే. మూడు వారాల తర్వాత వెళితే "ఇది పిల్లల టాయ్ కద సార్" అన్నాడు. ఎనిమిది చిప్పులూ పీకాడు, రెండు ట్రాకులు లేచిపోయాయి. పైగా "మధ్యలో ఎవరో ట్రాన్సిస్టర్ అతికించిన్రు, చెత్తగుంటే తీసేసినం" అని కవర్లో వేసి ఇచ్చాడు. సీపీయూ కాళ్ల మీద సాలీడులా అతికి ఉండే ఆ ట్రాన్సిస్టర్ ఇష్యూ 2 బోర్డులకి సింక్లెయిర్ వాళ్లే వేసిన సవరణ. తెర, మెమరీ పనులు చూసే వాళ్ల యూఎల్ఏ చిప్పు డిజైన్లో దొర్లిన తప్పు దిద్దడానికి. చూడ్డానికి చెత్తగానే ఉంటుంది, నిజమే. ఆరువందలు తీసుకున్నాడు. బిల్లు అడిగితే నవ్వాడు.

తర్వాత అంతా నేనే చేశాను. లేచిన ట్రాకుల చోట సన్న తీగలు, ఎనిమిది సాకెట్లు, సాలీడు మళ్లీ దాని చోట్లో. చిప్పులు తీయడానికి మిషన్ అక్కర్లేదు, కాళ్లు కట్టర్‌తో కత్తిరించేసి ఒక్కోటి వేడిచేసి లాగితే బోర్డు చెడదు. పోయిన చిప్పు మీద జాలి దేనికి? కొత్త 4116ల కోసం గుజరాతీ గల్లీలో ఆరు కొట్లు తిరిగితే నాలుగు చోట్ల 4016 అనే వేరే చిప్పు చేతిలో పెట్టి "ఇదే సార్ అది" అన్నారు. చివరికి పాతసామాను కొట్లో యాపిల్ టూ నకలు బోర్డు ఒకటి దొరికింది. అందులో 4116లు ఇరవైనాలుగు, అన్నీ సాకెట్లలో! చేత్తో ఊడదీసుకోవడమే. ఎనిమిది పెట్టాను. లైను వచ్చింది. అప్పటికి కొత్త మెంబ్రేన్ కూడా వేశాను. ఇరవై నిమిషాలు ఆడించి చూసుకుని, ఆపి, పెట్టెలో సర్దేశాను. ఎందుకంటే ఆ వారమే తెనాలిలో బాబాయి సహస్ర చంద్ర దర్శనం. బంధువులందరికీ ముందే ఫోన్లు చేసి చెప్పాను.

ఇక ఆ రోజు సంగతి. భోజనాలయ్యాక హాల్లో యాభై మంది. నేను టీవీ ముందు నిలబడి, ఇది ఫలానా, ఇందులో జెడ్80 అని 3.5 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, మీ ఫోన్లో ఒక ఫొటో కూడా ఇందులో పట్టదు అంటూ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. వెనక మెషీన్ ఆన్‌లోనే ఉంది. ముందు వరసలో పట్టుపంచెతో బాబాయి. "ఇప్పుడు బాబాయి మొదటి మీట నొక్కుతాడు" అని పక్కకి జరిగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తిరిగి చూస్తే తెర నిండా గీతలు.

ఆపి వేశాను. గీతలు. జాక్ తీసి పెట్టాను. గీతలు. చెమట. మా పిన్ని మెచ్చుకోలుగా "బాగున్నాయి రా, వెంకటగిరి చీర అంచులా" అంది. ఆవిడకి అదే ప్రోగ్రాం అనిపించింది. పిల్లలు ఫోన్లలోకి వెళ్లిపోయారు. మా బావ మాత్రం వదల్లేదు. "ఏం చదివావన్నావ్ నువ్వు?" అని అందరూ వినేలా అడిగాడు. ఆయన కొడుకు పెళ్లికి డీజే పెడితే ట్రాన్స్‌ఫార్మర్ పేలిన సంగతి నేనూ అనొచ్చు, అనలేదు. బాబాయి లేచొచ్చి మెషీన్ మీద అరచెయ్యి పెట్టి చూసి, "వేడిగా లేదే" అని ఊరుకున్నాడు. తర్వాత ప్రతి ఆదివారం ఫోన్. "ఏరా, అయిందా?" "పార్టు రావాలి బాబాయ్." నాలుగు ఆదివారాలు అదే అబద్ధం. రావాల్సిన పార్టేమీ లేదు. ఇంకా పదహారు చిప్పులు డబ్బాలో ఉన్నాయి. కానీ చెయ్యి రావడం లేదు.

ఐదో వారం నాతో పాలిటెక్నిక్ చదివినవాడు వేరే పని మీద ఫోన్ చేశాడు. మాటల్లో చెప్పాను.

"సప్లైలు చూశావా?"

"చూశాను. ఐదు ఉంది, పన్నెండు ఉంది."

"4116కి మూడు కదరా?"

4116కి ఐదు, పన్నెండు, మైనస్ ఐదు కావాలి. పన్నెండు ఉండి మైనస్ ఐదు లేకపోతే చిప్పులు చచ్చిపోతాయి. ఇది నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా. మీటరు ఒకటో కాలు మీద పెట్టాను. మైనస్ ఐదు ఉండాల్సిన చోట మైనస్ రెండు కూడా లేదు. ఆ లైను మీదున్న కెపాసిటర్ ముట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. నేను నవ్వుకుంటూ తిప్పి వేసినదే. మైనస్ లైనులో గ్రౌండే పైనుంటుంది, ప్లస్ కాలు దానికే పోవాలి. తలకిందులుగా వేస్తే కెపాసిటర్ మెల్లగా కారుతూ వోల్టేజీని కిందికి లాగేస్తుంది. ఇంట్లో ఇరవై నిమిషాలకి బతికిపోయింది. తెనాలిలో నా ఉపన్యాసం మీద చచ్చింది.

మూడు రూపాయల కెపాసిటర్. చిప్పులు పెట్టకుండా ముందు ఖాళీ సాకెట్లలో మూడు వోల్టేజీలూ కొలవండి. ఎన్ని డిగ్రీలున్నా కొలవండి. నిన్న రాత్రి నేను రెండుసార్లు కొలిచి ఇంకో ఎనిమిది చిప్పులు పెట్టాను.

ఇవాళ పొద్దున్నే బాబాయికి వీడియో కాల్ చేశాను. ఎస్‌డీ కార్డు లోంచి ఆట ఒకటి క్షణంలో తెచ్చి చూపించాను. "ఆ గోల లేదేరా?" అన్నాడు. క్యాసెట్ లోడయ్యేటప్పటి కీచు గోల ఆయనకి కావాలి. మెషీన్‌తోపాటు అటక మీద దొరికిన క్యాసెట్టు ఒకటి ఉంది. దాన్ని ముందే లాప్‌టాప్‌లోకి రికార్డు చేసుకున్నాను. అక్కడి నుంచి వైరు ఇచ్చి, లోడ్ ఆజ్ఞకి జె మీట నొక్కి ప్లే చేశాను. తెర అంచున ఎరుపు, లేత నీలం చారలు, తర్వాత నీలం, పసుపు. రెండుసార్లు టేప్ లోడింగ్ ఎర్రర్. వాల్యూమ్ పెంచితే మూడోసారి ఎక్కింది.

రన్ కొట్టబోయాను.

"రన్ కొట్టకు రా! లోపలున్న అంకెలన్నీ పోతాయి. గో టు పది కొట్టు."

ఎనభై దాటిన మనిషి. నలభై ఏళ్ల కిందటి సంగతి. కరెక్టే, స్పెక్ట్రమ్ ప్రోగ్రాంతోపాటు అందులోని లెక్కలనీ టేపు మీదికి ఎక్కిస్తుంది, రన్ అంటే వాటిని తుడిచేస్తుంది. గో టు పది కొట్టాను. మస్కట్ క్యాంపులో మనవాళ్లు వేసుకున్న చీటీ. ఇరవై పేర్లు, నెలవారీ, రియాళ్లలో. బాబాయి అవతల కళ్లజోడు సర్దుకుని ఒక్కో పేరూ పైకి చదివాడు. పదకొండో పేరు దగ్గర ఆగాడు.

"వీడు నాకు ఇంకా రెండు నెలలు బాకీ," అన్నాడు.