బుడబుడల సీసా

నెలలు నిండకుండా పుట్టిన మా వాడి ముఖం సరిగ్గా చూడకముందే నాకు వాడి చప్పుడు అలవాటైంది. నిజానికి అది వాడి చప్పుడు కూడా కాదు, వాడి పెట్టె పక్కన వేలాడే సీసాది. అందులో నీళ్లు, ఆ నీళ్లలో ఐదు సెంటీమీటర్ల లోతుకు దిగిన గొట్టం. రాత్రీ పగలూ బుడబుడమంటూనే ఉండేది. ముక్కులో గొట్టాలు, బుగ్గల మీద టేపు, నెత్తిన టోపీ పోగా వాడి ముఖంలో మిగిలింది కాస్త గడ్డం, కనురెప్పలు.

27వ వారంలో నా బీపీ ఎంతకీ దిగలేదు. కడుపులో బిడ్డను ఇంక ఉంచడం ఇద్దరికీ ప్రమాదమన్నారు. కాన్పుకు ముందు నాకు 24 గంటల తేడాతో రెండు ఇంజెక్షన్లు ఇచ్చారు. బీపీ కోసమేమో అనుకున్నాను. "అవి నీకు కాదమ్మా, లోపలున్న వాడి ఊపిరితిత్తులకు" అంది డాక్టరుగారు. స్టెరాయిడ్. తర్వాత తీరిక దొరికినప్పుడు చదివాను. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే ఆయన, కాన్పు నొప్పులు దేనివల్ల మొదలవుతాయో తెలుసుకోవడానికి గొర్రెల మీద ప్రయోగాలు చేస్తున్నాడట. ఈ మందు అందిన గొర్రెపిల్లలు, బతికే వీలే లేనంత ముందుగా పుట్టి కూడా ఊపిరి తీశాయి. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. హోవీ అనే పిల్లల డాక్టరుతో కలిసి గర్భిణుల మీద పరీక్షించి 1972లో ప్రచురించాడు. ఆ గొర్రెపిల్లలకు నేను బాకీ.

రెండో ఇంజెక్షన్ పడ్డ ఆరు గంటలకు ఆపరేషన్ చేశారు. 940 గ్రాములు. ఏడుపు కోసం చెవులు రిక్కించి పడుకుంటే మూలుగు వినిపించింది. ఊపిరి వదిలిన ప్రతిసారీ 'ఊఁ' అని. బాధతో మూలుగుతున్నాడనుకుని ఏడ్చాను. అది బాధ కాదని మర్నాడు తెలిసింది. గాలి మొత్తం బయటికి పోతే ఊపిరితిత్తులు ముడుచుకుపోతాయి. అందుకని గొంతు సగం మూసి, కాస్త గాలిని లోపలే అట్టిపెట్టుకోవడానికి బిడ్డ పడే పాటు అది. సీసా చేసే పనీ అదే. గొట్టం నీళ్లలో ఎంత లోతుంటే అంత ఒత్తిడి లోపల నిలుస్తుంది. సీప్యాప్ అంటారు. 1971లో గ్రెగరీ అనే డాక్టరు, నిరంతరం ఒత్తిడి ఉంచే ఈ పద్ధతిని 20 మంది పిల్లలకు వాడితే 16 మంది బతికారు.

పుట్టి మూడు గంటలు గడిచేసరికి మా వాడు డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టాడు. ఆక్సిజన్ 45 శాతానికి పెంచాల్సి వచ్చింది. డాక్టరుగారు మా ఆయనకు కొత్త బెలూన్‌ను పోలికగా చెప్పింది. మొదటిసారి ఊదడమే కష్టం, కొంచెం గాలి నిలిచిన బెలూన్‌ను ఊదడం తేలిక. మన ఊపిరితిత్తుల లోపల సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పూత ఉండబట్టి గాలి గదులు అతుక్కుపోవు. వీడికి ఆ పూత ఇంకా తయారు కాలేదు. కాబట్టి ప్రతి ఊపిరీ కొత్త బెలూనే. సన్నటి గొట్టంతో గొంతులోంచి పాలలాంటి తెల్లటి మందు దించారు. పంది ఊపిరితిత్తుల నుంచి తీసింది. వాడు సీసా మీద ఉండగానే, వెంటిలేటర్ పెట్టకుండానే. గంట తిరక్కుండా ఆక్సిజన్ 25కి దిగింది.

ఇదంతా తెలియని రోజులు మరీ పాతవి కావు. ఈ పూత లేకపోవడమే జబ్బని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ తేల్చారు. అయినా 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు ప్యాట్రిక్ ఇదే జబ్బుతో 39 గంటలే బతికాడు. రెండు కిలోల పైచిలుకు బిడ్డ, మా వాడికి రెట్టింపు. తండ్రి తలుచుకుంటే తేలేనిది లేదు, కానీ తేవడానికి అప్పటికి ఆ మందే లేదు. జపాన్‌లో ఫుజివారా పది మంది పిల్లలకు ఆవు ఊపిరితిత్తుల నుంచి చేసిన సర్ఫాక్టెంట్ ఇచ్చి ఫలితం చూపించింది 1980లో. వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో ఇది చదివిన రాత్రి, ఎప్పుడో పోయిన ఆ బిడ్డ కోసం చాలాసేపు ఏడ్చాను.

నాలుగో రోజు నుంచి వాడు ఊపిరి తీయడం మరిచిపోయేవాడు. అలారం మోగేది, అంకెలు పడిపోయేవి, సిస్టర్ వచ్చి అరికాలు రుద్దేది. 'ఓహో' అన్నట్టు మళ్లీ తీసేవాడు. మెదడు ఇంకా పండలేదు, అంతే. దానికి మందు కెఫీన్! కాఫీలో ఉండేదే. నవ్వొచ్చింది నాకు, అన్ని రోజుల్లో మొదటిసారి. 2006లో వచ్చిన పెద్ద పరీక్షలో 2006 మంది పిల్లలను తీసుకుంటే, గర్భం లెక్కలో 36 వారాలు నిండేసరికి కూడా ఊపిరితిత్తుల జబ్బు మిగిలినవాళ్లు కెఫీన్ అందినవాళ్లలో 36 శాతం, అందనివాళ్లలో 47 శాతం. 

తొమ్మిదో రోజు ఇన్‌ఫెక్షన్. వెంటిలేటర్ తప్పలేదు. సీసా ఆగిపోయింది. ఆ ఆరు రోజులు వార్డులో ఎన్ని మిషన్లు మోగినా నా చెవికి నిశ్శబ్దమే.

అప్పుడే సిస్టర్‌తో గొడవపడ్డాను. తెర మీద శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 91, 92 దగ్గర ఊగుతోంది. "ఇంకొంచెం ఆక్సిజన్ పెంచితే మీ సొమ్మేం పోయింది? నాకు 99 ఉంటుంది, వాడికెందుకు ఉండకూడదు?" అన్నాను. ఆమె కోప్పడలేదు, పెంచనూ లేదు. "పోయేది వాడి కళ్లమ్మా" అంది. ఆక్సిజన్ అంటే ప్రాణవాయువే కదా, ఎక్కువైతే నష్టమేమిటన్నది నా వాదన. 1940లు, 50లలో డాక్టర్లూ అలాగే అనుకున్నారు. ధారాళంగా ఇచ్చారు, వేలమంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారు. పోనీ బాగా తగ్గిద్దామా అంటే అదీ కుదరదు. 2010లో వచ్చిన పరీక్షలో శాచురేషన్ 85–89 మధ్య ఉంచిన పిల్లల్లో చావులు పెరిగాయి, 91–95 మధ్య ఉంచినవాళ్లలో కంటి జబ్బు పెరిగింది. వెంటిలేటర్ కథా ఇంతే. 1967లో నార్త్‌వే బృందం మొదటిసారి వర్ణించిన ఊపిరితిత్తుల జబ్బు, వెంటిలేటర్ల మీద ఎక్కువ ఆక్సిజన్‌తో బతికి బయటపడిన పిల్లల్లోనే కనిపించింది. బతికించిన గాలే గాయం చేసింది. అందుకే వాళ్లు రోజూ దేన్నో ఒకదాన్ని తగ్గించాలని చూసేవాళ్లు. నేనేమో పెంచమని ప్రాణం తీసేదాన్ని. ఆ సిస్టర్‌కు క్షమాపణ చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను, చెప్పలేదు.

పదిహేనో రోజు మళ్లీ బుడబుడ మొదలైంది. నా ప్రాణం లేచొచ్చింది. గొట్టాలతోనే వాడిని నా గుండె మీద బోర్లా పడుకోబెట్టారు. వాడి ముక్కులోని గాలి, సీసాలోని బుడగలు, నా గుండె, మూడూ మూడు తాళాల్లో నడిచేవి.

గర్భం లెక్కలో 36 వారాలు నిండిన రోజున వాడింకా కాస్త ఆక్సిజన్ మీదే ఉన్నాడు. ఫైల్లో జబ్బు పేరు రాశారు: బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా, వాళ్ల మాటల్లో బీపీడీ. నార్త్‌వే బృందం వర్ణించిన జబ్బే. గండం గడిచిందనుకున్న మాకు అది దెబ్బే. "గాలి గదులు పుట్టాక కూడా ఏళ్ల తరబడి కొత్తవి వస్తాయి. వాడు బరువు పెరిగితే ఊపిరితిత్తులూ పెరుగుతాయి" అన్నారు. కాబట్టి పాలే మందు. 

ఇంటికి సన్నటి ఆక్సిజన్ గొట్టంతోనే వచ్చాం. మొదటి రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. వాడు మాత్రం హాయిగా పడుకున్నాడు. గొట్టం తీసేసింది మూడు నెలల తర్వాత. పదో నెలలో జలుబు ఛాతీలోకి దిగి, పిల్లికూతలతో ఐదు రోజులు మళ్లీ ఆసుపత్రి. మా ఆయన సిగరెట్ మానింది ఆ ఐదు రోజుల్లోనే. అంతకుముందు నేను పెట్టిన గొడవలేవీ పనిచేయలేదు.

ఇప్పుడు వాడికి ఏడేళ్లు. మొన్న ఊదే పరీక్ష చేశారు. గొట్టం నోట్లో పెట్టుకుని, తెర మీద కొవ్వొత్తుల బొమ్మలు ఆరేదాకా ఊదాలి. మొదటిసారి నవ్వేశాడు, రెండోసారి గొట్టంలో ఉమ్మేశాడు. మూడోసారి "ఊదు, ఊదు, ఇంకా ఊదు" అని టెక్నీషియన్ అరుస్తుంటే ముఖం ఎర్రబడేదాకా ఊదాడు. తోటి పిల్లల కంటే కొంచెం తక్కువే వచ్చింది. పరుగెత్తితే ముందుగా ఆయాసం వచ్చేది వీడికే, అది మాకు తెలిసిందే. ఏడాదికోసారి చూపించమన్నారు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటుంటే, రెండు కొవ్వొత్తులు ఆరలేదు, ఇంకోసారి ఊదుతానని పేచీ పెట్టాడు.