స్మార్ట్‌ఫోన్ వదిలి కీప్యాడ్ ఫోన్‌కు మారిన నా అనుభవం

ఈ వారంలోనే నా కీప్యాడ్ ఫోన్‌లో యూపీఐ పనిచేయడం మొదలైంది. ఆ ఒక్క పని కోసం పడిన తిప్పలు ఇంకా మనసులో పచ్చిగా ఉండగానే రాసిపెట్టాలనుకున్నాను. ఈ ఫోన్ గురించి దుకాణంలో చెప్పే మాటలు వేరు, దాన్ని నమ్ముకుని రోజు గడపబోతే ఎదురయ్యేవి వేరు.

నేను విజయవాడలో ఉంటాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా గణితం చెప్పి పదవీ విరమణ చేశాను. స్మార్ట్‌ఫోన్ వాడటం చేతకాక వదిలేశానని ఎవరూ అనుకోవద్దు. ఉద్యోగంలో ఉన్నప్పుడు హాజరు మొదలు మార్కుల దాకా అన్నీ దానిలోనే నమోదు చేసిన దాన్ని. వదలడానికి నాకు రెండు కారణాలున్నాయి. రాత్రి పొద్దుపోయే దాకా తెర చూడటం వల్ల కళ్ల మంటలు, నిద్ర లేకపోవడం మొదటిది. రెండోది ఇంకా పెద్దది. నాతో కలిసి పనిచేసిన ఒక టీచరమ్మను పోలీసు దుస్తుల్లో ఉన్న మనిషి వీడియో కాల్‌లో బెదిరించి, ‘డిజిటల్ అరెస్టు’ అంటూ మధ్యాహ్నమంతా గదిలోంచి కదలనివ్వలేదు. అబ్బాయి సమయానికి ఇంటికి రాబట్టి ఆవిడ పింఛను డబ్బు దక్కింది. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో స్వయంగా చెప్పారు, అయినా ఆ భయంలో ఎవరికి గుర్తొస్తుంది? ఈ చిన్న ఫోన్‌లో వీడియో కాల్ లేదు, పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చి దొంగ యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలు దీనిలో తెరుచుకోదు, మన తెరను అవతలివాడికి చూపించే యాప్ దీనిలోకి ఎక్కదు. మాటలతో మాయచేసి ఓటీపీ అడిగే దొంగ దీనికీ ఫోన్ చేయగలడు కాబట్టి జాగ్రత్త ఎలాగూ తప్పదు, కానీ సగం తలుపులు మూసుకున్నట్టే.

కొనడం తేలికగానే అయిపోయింది. బీసెంట్ రోడ్డులో రెండు వేల రూపాయల లోపే దొరికింది. 4జీ ఫోనే అడిగి తీసుకున్నాను, ఎందుకంటే జియోకు మొదటి నుంచీ 2జీ లేదు. పాత రకం 2జీ ఫోన్ చౌక కదా అని కొంటే ఆ సిమ్ దానిలో పనిచేయదు. 4జీలో మాట కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

సిమ్ దగ్గర ఒక రోజు పోయింది. స్మార్ట్‌ఫోన్‌లోని చిన్న సిమ్ ఈ ఫోన్‌లో వదులుగా కూర్చుని మాటిమాటికీ నెట్‌వర్క్ పోతుంటే, అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకున్నాను. సిమ్ మార్చిన తర్వాత 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. మన నంబరుతో దొంగ సిమ్ తీసుకున్నవాడికి వెంటనే ఓటీపీలు చేరకుండా పెట్టిన నిబంధన అది, మంచి నిబంధనే. సిమ్ ఇచ్చిన కుర్రవాడు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజంతా ఫోన్ పాడైందేమోనని కంగారుపడే పని ఉండేది కాదు.

ఫోన్ నంబర్లను సిమ్‌లోకి ఎక్కించినప్పుడు మరో సంగతి బయటపడింది. సిమ్‌లో పేరుకు కేటాయించిన చోటు చాలా తక్కువ, తెలుగు అక్షరాలకు అది ఇంకా తగ్గిపోతుంది. మా పాల వెంకటేశ్వర్లు, మా బావగారు వెంకటేశ్వరరావు ఇద్దరూ తెరపై ‘వెంకటే’ అయి కూర్చున్నారు. కాబట్టి పేర్లను సిమ్‌లో కాకుండా ఫోన్‌లోనే దాచుకోవాలి, ఒక నోటు పుస్తకంలోనూ రాసుకోవాలి.

మంచి గుణాలు చెప్పకపోతే అన్యాయం. ఒకసారి చార్జింగ్ పెడితే నాలుగైదు రోజులు దాని మాటే తలచుకోనక్కరలేదు. చేతిలోంచి సిమెంటు గచ్చు మీద పడినా మూత ఊడి, బ్యాటరీ బయటికొచ్చిందే తప్ప ఏమీ కాలేదు. మళ్లీ పెట్టి నొక్కితే వెలిగింది. కరెంటు పోతే టార్చి చూడకుండానే వేలికి తగులుతుంది. 2003లో వచ్చిన నోకియా 1100ను మన ఊళ్లు అంతగా ఇష్టపడటానికి ఆ టార్చి, దుమ్ము చొరబడని ఆ రబ్బరు మీటలే కారణమని నా నమ్మకం. పొద్దున వంట చేసుకుంటూ ఈ ఫోన్‌లోని ఎఫ్ఎం రేడియోలో 102.2 మీద రెయిన్‌బో కృష్ణవేణి వింటున్నాను, దానికి డేటా ఖర్చు లేదు. మరొకటి చాలామందికి తెలియదు: 2017 నుంచి మన దేశంలో అమ్మే కీప్యాడ్ ఫోన్లలో 5 లేదా 9 మీటను నొక్కి పట్టుకుంటే 112కు అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉండాలి. ఒంటరిగా ఉండే ఆడవాళ్లు తమ ఫోన్‌లో అది ఏ మీటో ముందుగానే తెలుసుకుని పెట్టుకోవాలి.

గ్యాస్ బుకింగ్‌కూ స్మార్ట్‌ఫోన్ అక్కరలేదు. ఇండేన్ వారి 77189 55555కు ఫోన్ చేసి మీట నొక్కితే అయిపోతుంది, సిలిండరు తెచ్చినవారికి చెప్పాల్సిన కోడ్ ఎస్సెమ్మెస్‌లోనే వస్తుంది. రైలు టికెట్టు ఖాయమైందో లేదో 139కి పీఎన్ఆర్ పంపి తెలుసుకుంటున్నాను.

ఇక యూపీఐ. యూపీఐ 123పే అనే సేవను రిజర్వు బ్యాంకు 2022 మార్చి 8న కీప్యాడ్ ఫోన్ల కోసమే ప్రారంభించింది. ఇంటర్నెట్ అక్కరలేదు. 080 45163666కు మన బ్యాంకు ఖాతాకు జోడించిన నంబరు నుంచి ఫోన్ చేసి, తెలుగు ఎంచుకుని, బ్యాంకు ఏదో చెప్పి, డెబిట్ కార్డు మీది చివరి ఆరు అంకెలు, గడువు నెల, సంవత్సరం నొక్కితే ఓటీపీ వస్తుంది. అది నొక్కి పిన్ పెట్టుకోవాలి. వినడానికి ఐదు నిమిషాల పని. నేను కార్డు ఎదురుగా పెట్టుకుని అన్నీ సరిగ్గానే నొక్కాను. ఓటీపీ పంపామని అవతలి గొంతు చెప్పింది. ఓటీపీ రాలేదు. మళ్లీ చేశాను, మళ్లీ రాలేదు. నా నంబరు ఖాతాకు సరిగా జోడై ఉందో లేదో చూడమని అడగడానికి నా బ్యాంకు శాఖకు వెళ్లాను.

ఆ కౌంటరు దగ్గర జరిగినది నేను త్వరగా మరచిపోలేను. అక్కడి ఉద్యోగి నా మాట పూర్తికాకముందే ఫోన్‌ను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, పక్క కౌంటరులోని అతనికి చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ‘‘అమ్మా, దీనిలో యూపీఐ రాదండీ. మీ పిల్లలెవరినైనా స్మార్ట్‌ఫోన్‌తో తీసుకురండి, చేసి పెడతాం’’ అన్నాడు. ఇది రిజర్వు బ్యాంకు తెచ్చిన సేవే నాయనా, నాకు ఒక్క సంగతి చూసి చెప్పు చాలు, అన్నాను. ‘‘మాకు అలాంటిదేమీ రాలేదమ్మా’’ అని నా వెనకాల ఉన్నవారిని పిలిచాడు. క్యూలో ఉన్నవాళ్లందరూ నన్నే చూస్తున్నారు. అందులో నాకు ముఖ పరిచయం ఉన్నవాళ్లూ ఉన్నారు. ఆ వరుసలో నిలబడ్డ కుర్రవాళ్ల వయసు పిల్లలకు త్రికోణమితి నేర్పిన నేను, చదువురాని మనిషినన్నట్టు పిల్లల్ని తోడు తెచ్చుకోమనిపించుకుని బయటికి వచ్చాను. మేనేజరు మర్యాదగానే మాట్లాడారు కానీ, ఆయన కూడా బ్యాంకు యాప్ పెట్టించుకోమనే సలహా ఇచ్చారు. నేను అడిగినది మాత్రం ఎవరూ చూడలేదు. పదిహేను అంకెల ఖాతా నంబరు కొట్టి, తెరపై ఫోన్ నంబరు చదివితే తీరిపోయే సందేహం అది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఖాతాదారు ఏ ఫోన్ వాడాలో నిర్ణయించే అధికారం బ్యాంకు ఉద్యోగికి ఎవరూ ఇవ్వలేదు. కూలిపని చేసుకునే మనిషి, చూపు తగ్గిన మనిషి, నాలాగా కావాలని మానేసిన మనిషి, అందరి డబ్బూ ఆ బ్యాంకులోనే ఉంది. వారి కోసమని దేశం ఒక సేవ తెచ్చి ఇన్నేళ్లయినా, కౌంటరులో కూర్చున్నవారికి దాని పేరే తెలియకపోవడం చిన్న తప్పు కాదు.

కారణం ఆ రాత్రి ఇంట్లోనే దొరికింది. ఫోన్ తెర పైమూలలో ఒక చిన్న కవరు బొమ్మ ఆరుతూ వెలుగుతూ ఉంది. దాని పక్కన ఒక్క మాట లేదు. సందేశాల పెట్టె నిండిపోయిందని ఈ ఫోన్ చెప్పే పద్ధతి అదట. పెట్టె పట్టేదే కొన్ని వందల సందేశాలు. రీచార్జి ప్రకటనలు, అప్పు కావాలా అని అడిగేవి, స్థలాలు అమ్మేవి కలిసి దాన్ని నింపేశాయి. చోటు లేకపోతే కొత్త సందేశం లోపలికి రాదు, ఓటీపీ అయినా సరే. ఈ ఫోన్‌లోని అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే అంటాను. మాట్లాడటానికి ఇంత బాగా కుదిరిన వస్తువు, మన గుర్తింపంతా ఎస్సెమ్మెస్ మీదే నడుస్తున్న కాలంలో, ఎస్సెమ్మెస్ దగ్గరే చేతులెత్తేస్తుంది.

అన్నీ చెరిపేసి మళ్లీ ఫోన్ చేస్తే ఓటీపీ వచ్చింది. కానీ అది చదవాలంటే కాల్ నడుస్తుండగానే సందేశాల్లోకి వెళ్లాలి. చదివిన తర్వాత వెనక్కి రావడానికి అలవాటుగా ఎర్ర మీట నొక్కితే కాల్ తెగిపోతుంది. సందేశం తెర మీద ఉండగానే అంకెలు నొక్కితే అవతలివారికి చేరవు. కాల్ తెర ఎదురుగా ఉంటేనే ఒక్కో అంకెకు ఒక్కో శబ్దం వెళ్లి, దాన్ని బట్టి వారి యంత్రం అంకెను గుర్తిస్తుంది. ఈలోగా గడువు ముగిసిందని గొంతు చెప్పేస్తుంది. బడిలో పిల్లలకు ఏది రాకపోతే దాన్ని విడదీసి సాధన చేయించేదాన్ని, ఇక్కడా అదే చేశాను. మా చెల్లెలికి ఫోన్ చేసి లైన్‌లోనే ఉండమన్నాను, మా మేనకోడలిని ఏదో ఒక ఆరంకెల సంఖ్యను ఎస్సెమ్మెస్ చేయమన్నాను. మాట్లాడుతూనే ‘ఆప్షన్స్’ నొక్కి సందేశం తెరవడం, అంకెలు మూడేసి చొప్పున గుర్తుపెట్టుకోవడం, ఎర్ర మీట జోలికి పోకుండా ‘వెనక్కి’ అన్న మీటతో కాల్ తెరకు రావడం వేళ్లకు పట్టేదాకా చేశాను. ఆ తర్వాత అసలు కాల్‌లో మొదటిసారికే పూర్తయింది. పిన్ పెట్టుకుని, మా చెల్లెలికి ఒక్క రూపాయి పంపి చూశాను, చేరింది. నిన్న మా వీధిలో ఆకుకూరలు అమ్మే ఆమెకు నేనే దగ్గరుండి నమోదు చేయించాను. ఏ బ్యాంకు కౌంటరూ చేయని పని మా ఇంటి అరుగు మీద జరిగింది.

అయినా కొట్లలో ఇబ్బంది పూర్తిగా తీరలేదు. ఈ ఫోన్‌తో క్యూఆర్ స్కాన్ చేయలేం కాబట్టి దుకాణదారు ఫోన్ నంబరుకు పంపాలి. ఆ డబ్బు అతని సొంత ఖాతాకు వెళుతుంది, బల్ల మీది సౌండ్ బాక్స్ పలకదు. పెట్టె పలకనిదే డబ్బు వచ్చిందని చాలామంది నమ్మరు. మా కిరాణా కొట్టు అతను ‘‘టీచర్ గారూ, మీరు వెళ్లండి, నేను చూసుకుంటాను’’ అంటాడు. కొత్త చోట ఆ మర్యాద దొరకదు. అందుకే కొంత నగదు చేతిలో ఉంచుకుంటున్నాను. ఒకసారికి పంపగలిగే పరిమితిని రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరులో 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది, ఇంటి అవసరాలకు అది చాలు.

తెలుగు రాయడం మాత్రం నన్ను బాధపెడుతోంది. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే. వాటిలోనూ ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ అని రాస్తే ఆరు అయిపోతాయి. ఒక్కో మీటను మూడు నాలుగు సార్లు నొక్కి అంత రాసే ఓపిక లేక ఫోన్ చేసి మాట్లాడేస్తున్నాను.

ప్రభుత్వ పనుల్లోనూ కొంత దూరమయ్యాను. 2025 జనవరి 30న మన రాష్ట్రంలో మొదలైన ‘మన మిత్ర’ సేవలన్నీ వాట్సాప్‌లో నడుస్తాయి, కాబట్టి నేను వార్డు సచివాలయానికి నడిచి వెళ్లాలి. పింఛనుదారులు బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన ధ్రువీకరణ, అంటే జీవన్ ప్రమాణ్‌కు, ముఖం చూపించే పద్ధతికి కూడా స్మార్ట్‌ఫోన్ కావాలి. అయితే తపాలా ఉద్యోగి ఇంటికే వచ్చి వేలిముద్రతో చేసిపెట్టే ఏర్పాటు ఉంది, నేను అదే ఎంచుకుంటాను.

మారాలనుకునేవారు పాత ఫోన్‌ను వెంటనే ఎవరికీ ఇచ్చేయకండి. యూపీఐ నమోదు పూర్తయ్యే దాకా అది ఇంట్లో ఉండాలి. వారానికొకసారి సందేశాలన్నీ చెరిపేయండి. బ్యాంకు కౌంటరులో రాదు అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి, నేను మళ్లీ వెళితే అదే అడుగుతాను.

రీచార్జి విషయంలోనూ గట్టిగా ఉండాలి. డేటా అక్కరలేనివారి కోసం మాటలకు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే విడిగా ప్యాకులు పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది, 2025 జనవరి నుంచి కంపెనీలు వాటిని ఇస్తున్నాయి. మా వీధి చివరి రీచార్జి కొట్టులో అలాంటి ప్యాకు లేదన్నారు. 84 రోజులకు ఉంటుంది, మళ్లీ చూడమని నిలబడితే అప్పుడు వెతికి వేశారు.