గొట్టం ఉన్నన్నాళ్లూ

ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం పూర్తిగా బంద్ కావడంతో అమలాపురంలో నాకు ఫోలీ క్యాథెటర్, అంటే మూత్రాన్ని బయటి సంచిలోకి చేర్చే గొట్టం, వేశారు. మూత్రాశయంలోకి చేరిన గొట్టం కొసన ఉండే చిన్న బుడగలోకి శుద్ధజలం ఎక్కించి అది జారిపోకుండా నిలుపుతారు. అయితే సూక్ష్మజీవులు లోపలికి పాకడానికీ ఆ గొట్టమే దారి. మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం రోజుకు 3 నుంచి 7 శాతం వరకు ఉంటుందనీ, నెల దాటితే దాదాపు అందరిలోనూ అవి కనిపిస్తాయనీ డాక్టరు గారు ముందే చెప్పారు.

అందుకే మూత్రం కాస్త మడ్డిగా, వాసనగా వచ్చినప్పుడు ఆయన మందేమీ రాయలేదు. జ్వరం, వణుకు, పొత్తికడుపు నొప్పి వంటివి లేకుండా కేవలం బాక్టీరియా ఉన్నాయని యాంటీబయాటిక్ ఇస్తే, మందుకు లొంగని రకాలు పెరగడం తప్ప ప్రయోజనం లేదన్నారు. "ఒక కోర్సు వేసేసుకోండి బాబాయి గారూ, పోయేదేముంది?" అన్నాడు మా వీధిలోని మందుల షాపు కుర్రవాడు. పోయేది ఆ మందుకున్న పనితనమే.

కొన్నాళ్లకు నిజంగానే చలిజ్వరం వచ్చింది. గొట్టం వేసి రెండు వారాలు దాటింది కనుక ముందు దాన్ని మార్చి, కొత్త గొట్టం నుంచి కల్చర్ పరీక్షకు (ఏ సూక్ష్మజీవి ఉందో, ఏ మందుకు లొంగుతుందో తేల్చే పరీక్ష) మూత్రం తీసి, ఆ తరువాతే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. పాత గొట్టం గోడలకు సూక్ష్మజీవులు జిగురుపొరగా అంటుకుని ఉంటాయట. ఆ పొరలోకి మందు సరిగా చొరబడదు, అక్కడి మూత్రం మూత్రాశయంలోని అసలు స్థితినీ చూపదు. సంచిలో నిలవ ఉన్న మూత్రం పరీక్షకు అసలే పనికిరాదు. రిపోర్టులో ఇ. కోలై అనే బాక్టీరియా అని తేలాక దానికి తగిన మాత్రలకు మార్చారు. జ్వరం త్వరగా తగ్గితే 7 రోజులు చాలు, ఆలస్యమైతే 10 నుంచి 14 రోజులు వాడాలి.

ఇంట్లో మా కోడలు సంచిని మంచం పట్టెకు, నేల తగలకుండా, మూత్రాశయం కన్నా కిందుగా కట్టేది. ముట్టుకునే ముందూ తరువాతా సబ్బుతో చేతులు కడుక్కునేది. గొట్టానికీ సంచికీ మధ్య అతుకును ఊడదీయనిచ్చేది కాదు. ఆటోలో వెళ్లేటప్పుడు సంచిని ఒళ్లో పెట్టుకోవడం చాలామందికి అలవాటు, కానీ మూత్రం వెనక్కు మళ్లేది అక్కడే. డెట్టాలుతో కడగమని బంధువులు చెప్పినా, రోజూ సబ్బూ నీళ్లూ చాలని నర్సు గారు తేల్చిచెప్పారు.

మూత్రం సులువుగా రావడానికి ఇచ్చే టామ్సులోసిన్ మాత్ర వాడుతుండగా గొట్టం తీసి చూశారు. మూత్రం వచ్చాక స్కానింగులో మూత్రాశయంలో మిగిలిన మూత్రం తక్కువే ఉండడంతో మళ్లీ వేయలేదు. ఆ మాత్ర ఇప్పటికీ వాడుతున్నాను. దానివల్ల కళ్లు తిరగవచ్చని చెప్పారు కనుక, రాత్రి లేచేటప్పుడు కాసేపు కూర్చునే నిలబడుతున్నాను.