అబ్రాహాము మధ్యలో చెప్పిన జవాబు

మొన్న ఆదివారం మా గుడిలో వాక్యభాగం ఆదికాండము 22, దేవుడు అడిగితే అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలివ్వడానికి మోరీయా కొండకు తీసుకెళ్లిన అధ్యాయం. చదివిన కుర్రాడు రైలు తప్పిపోతుందేమో అన్నట్టు చదివేసి కూర్చున్నాడు. ఆ పైన ప్రసంగం. "మీ ఇస్సాకు ఎక్కడున్నాడు? బీరువాలో ఉన్నాడు, బ్యాంకులో ఉన్నాడు!" అంటూ మొదలై, కొత్త స్లాబు చందా దగ్గర తేలింది. చివర్లో అందరిచేతా మూడుసార్లు "చిత్తము ప్రభువా" అని కేక వేయించారు. నా పక్కనున్నాయన వాట్సాప్‌లో ఏదో ఫార్వర్డ్ చేస్తూనే కేక వేశాడు. నేను చూశానంటే నా తల కూడా వంగి లేదన్నమాటే, ఒప్పుకుంటున్నాను.

మోరీయా కొండ కథ చందాలకు పనికొచ్చే కథ కాదు. యూదులకు, క్రైస్తవులకు, ముస్లింలకు తండ్రి అనిపించుకున్న మనిషి ప్రాణం గొంతులోకి వచ్చిన మూడు రోజుల కథ అది. ఆ అధ్యాయంలో అబ్రాహామును ముగ్గురు పిలుస్తారు. మొదట దేవుడు పిలిస్తే "చిత్తము ప్రభువా" అన్నాడు. కత్తి ఎత్తాక దూత పిలిస్తే మళ్లీ అదే మాట. మధ్యలో, కట్టెలు మోస్తూ నడుస్తున్న కొడుకు "నా తండ్రీ" అని పిలిస్తే, మన తెలుగు బైబిల్లో "ఏమి నా కుమారుడా" అని ఉంటుంది. ఇన్నేళ్లూ నేనూ అలాగే చదువుకుంటూ పోయాను.

హెబ్రీలో మూడుచోట్లా ఉన్నది ఒకే మాట అని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. హిన్నేనీ. "ఇదిగో నేను" అని. దేవుడికి ఏ జవాబు ఇచ్చాడో కొడుక్కీ అదే ఇచ్చాడు, వెనక "నా కుమారుడా" అని చేర్చాడంతే.

మన అనువాదకులను తప్పుపట్టను. చిక్కు మన మాటలోనే ఉంది. "చిత్తం" ఎప్పుడూ కిందినుంచి పైకే పోయే మాట. మా తాత చేతులు కట్టుకుని దొర వాకిట్లో నిలబడి "చిత్తం దొరా" అన్నవాడే. ఆ మాటను దొరల దగ్గర నుంచి లాక్కుని దేవుడి పాదాల దగ్గర పెట్టడం మా పెద్దలకు ఎంత విడుదలో నాకు తెలుసు. కానీ తండ్రి కొడుకుతో "చిత్తం" అనడు కదా! అందుకే అక్కడ "ఏమి" వచ్చింది. హెబ్రీ మాటకు ఆ ఎత్తుపల్లాలు లేవు. అందులో వినయమూ ఉంది, దానికంటే ముందు హాజరు ఉంది. చెట్ల మధ్య దాక్కున్న ఆదామును దేవుడు "నీవు ఎక్కడ ఉన్నావు" అని అడిగాడే, ఆ ప్రశ్నకు ఆదాము ఇవ్వలేకపోయిన జవాబు ఇది. మండుతున్న పొదలోంచి దేవుడు పిలిస్తే మోషే ఇచ్చింది ఇదే. నిద్రలోంచి లేచి పరుగెత్తిన పసివాడు సమూయేలు ఇచ్చిందీ ఇదే.

యూదులు తమ కొత్త సంవత్సరం రోష్ హషానా రెండో రోజున ఈ అధ్యాయమే చదువుతారు, పొదలో చిక్కి, కొడుకు బదులు బలైన పొట్టేలు గుర్తుకొచ్చేలా పొట్టేలు కొమ్ము ఊదుతారు. (గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిము యూదులు ఉన్నారు, చాలామందికి తెలియదు.) మొదటి రోజు చదివేది 21వ అధ్యాయం. అందులో నీళ్లు అయిపోయి పొద కింద పడివున్న అబ్రాహాము పెద్ద కొడుకు ఇష్మాయేలు మొర దేవుడు విన్నాడు. అంటే పండగ మొదలయ్యేది పెద్ద కొడుకు ఏడుపుతో! ఆ రోజుల్లో ప్రార్థన నడిపించే మనిషి ముందుగా తన కోసం చేసుకునే ప్రార్థన కూడా "హిన్నేనీ" అనే మాటతోనే మొదలవుతుంది: ఇదిగో నేను, సత్క్రియల్లో పేదవాణ్ణి అని.

మా ఎదురింటి బాబాయి హజ్‌కి వెళ్లేముందు వరండాలో నిలబడి, కుట్టులేని రెండు తెల్ల గుడ్డలు చుట్టుకోవడం నేర్చుకునేవాడు. పైగుడ్డ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో తెలుగులో రాసుకున్న కాగితం చూస్తూ "లబ్బైక్ అల్లాహుమ్మ లబ్బైక్" అని వల్లె వేసేవాడు. అర్థమేంటి బాబాయ్ అని అడిగితే, "ఏముందిరా, పిలిచావుగా, వచ్చాను అని" అన్నాడు. ఇంతకంటే మంచి అనువాదం నేను ఏ వ్యాఖ్యానంలోనూ చూడలేదు. ఆ తర్వాతి మాట "నీకు సాటి ఎవరూ లేరు" అని. "మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" అని ద్వితీయోపదేశకాండము చెప్పింది, ఆజ్ఞలన్నిటిలో ప్రధానమైనది ఏదని అడిగితే యేసయ్య ఎత్తి చెప్పింది ఆ వాక్యాన్నే.

బలికి తీసుకెళ్లిన ఆ కొడుకు ఇస్మాయీలని (మా బైబిల్లో ఇష్మాయేలు) బాబాయి నమ్మకం, ఇస్సాకని నాది. ఖురాన్ 37వ సూరాలో ఆ చోట కొడుకు పేరు లేదు. అక్కడ తండ్రి తన కల కొడుక్కి చెప్పి, నీ ఆలోచన ఏమిటని అడుగుతాడు. అక్కడా మధ్యలో కొడుకుతో మాట ఉంది చూడండి! బక్రీదుకు బాబాయి ఇంటినుంచి మాకు వచ్చే గిన్నె సంగతి సరే, ఆ మాంసమూ రక్తమూ అల్లాహ్‌ను చేరవు, చేరేది మీ భక్తే అని 22వ సూరాలో ఉందని చెప్పింది కూడా ఆయనే. యేసయ్యను సిలువ వేసిన కల్వరిలో మాత్రం చెయ్యి ఆపే దూత రాలేదని మేం నమ్ముతాం. పౌలు "తన సొంత కుమారుని అనుగ్రహించుటకు వెనుకతీయక" అని రాసినప్పుడు అతని మనసులో మోరీయా ఉందనే నా నమ్మకం.

మళ్లీ ఆ నడక దగ్గరికే వస్తాను, నా మనసు అక్కణ్ణుంచి కదలడం లేదు. నిప్పూ కత్తీ తండ్రి చేతిలో, కట్టెలు కొడుకు భుజాన. బలికి "గొఱ్ఱెపిల్ల ఏది" అని అడగబోతున్నాడని తండ్రికి తెలియదా? వినపడనట్టు నడవొచ్చు. దేవుడి పని మీద ఉన్నాను, మాట్లాడకు అనొచ్చు. మనమైతే అంటాం. అబ్రాహాము ఆగి, ఇదిగో ఉన్నాను నాన్నా అన్నాడు. కొడుకు పిలుపుకు మూసుకోని ఆ చెవే, కత్తి ఎత్తాక దూత కేకను విన్నది. దేవుడి పేరుతో ఎత్తిన చెయ్యి, దేవుడే ఆపమంటే ఆగాలంటే చెవి బతికి ఉండాలి.

ఆ కొండకు అబ్రాహాము పెట్టిన పేరు "యెహోవా యీరే", అంటే యెహోవా చూచుకొనును అని, ఆటోల వెనక, గేట్ల మీద రాయించుకుంటాం. దానికి ముందున్న పదమూడు వచనాలు కూడా ఇంట్లో ఒకసారి నిదానంగా చదవండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని. ఎవరైనా మధ్యలో పిలిస్తే చదవడం ఆపండి.

ఆ ఆదివారం సాయంత్రం మా చిన్నోడు మేడ మీదనుంచి "నాన్నా" అన్నాడు. మామూలుగా నా జవాబు "ఊఁ". ఆ రోజు లేచి మెట్ల దాకా వెళ్లి, "ఇదిగో ఉన్నానురా" అన్నాను. వాడు కాసేపు నన్నే చూసి, "ఏంటి నాన్నా, నీ ఫోన్ చార్జింగ్ అయిపోయిందా?" అన్నాడు.